బంగారు నీళ్ళు చెప్పిన తీర్పు

బంగారాన్ని నలుసులు నలుసులుగా చేసి నీళ్ళలో కలుపుతారు, ఆ నీళ్ళతో ఊరి నీళ్ళలో రోగమొచ్చే పురుగు ఉండాదో లేదో చూస్తారు అని ఎవరన్నా నాతో చెప్పింటే, పనీ పాటా లేనోళ్ళ మాటలని కొట్టిపారేసేదాన్ని. అట్లాంటిది, ఆ పని జరిగే చోటనే నేను ఏండ్ల తరబడి గాజు సామాను కడిగినా. కడిగి కడిగి రిటైరైనా. ఇప్పుడు ల్యాబుల్లో చేరే ఆడపిల్లలు నన్ను చూసి, "అవ్వా, నీకు ఇవన్నీ ఏమర్థమైనాయి?" అని నవ్వుతారు. నవ్వితే నవ్వండి గానీ, ఇది మాత్రం కూచోని చదవండి.

నేను చదివింది మూడో తరగతి. రెండువేల సంవత్సరం దాటినాంక, అనంతపురంలో ఒక కాలేజీలో తిండినీ నీళ్ళనూ పరీక్ష చేసే ల్యాబులో అటెండరుగా ఉంటి. మా వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి, ఆ వరస కోసం జుట్లు పట్టుకునే కాలమది. ఒక్క బిందెతో స్నానమూ బట్టలూ ముగించి, మిగిలిన నీళ్ళు చెట్టుకు పోసేదాన్ని. ల్యాబులో చూస్తే ఒక్క గాజు కుప్పెను యాసిడ్డుతో కడిగి, మళ్ళీ డిస్టిల్డు నీళ్ళతో తొలిపి, మళ్ళీ తొలపల్లంట! ఆఖరుసారి తొలిపిన నీళ్ళు బకెట్లో పట్టి వరండా తుడిచేదాన్ని. మా సారు చూసి, "డిస్టిల్డు నీళ్ళతో వరండా తుడిచే ల్యాబు దేశంలో మనదొక్కటే" అని నవ్వినాడు. నేను నవ్వలేదు. నీళ్ళ విషయంలో నాకు నవ్వు రాదు.

సారు మా జిల్లా మనిషే. మాట తక్కువ, టీ ఎక్కువ. స్టోరు చూసేటాయన ఒకడుండె, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు, నోరు ఊరుకునేది కాదు. ఇంగ రీసెర్చి చేసే పాప. కోస్తా నుంచి వచ్చింది. నన్ను "పిన్నిగారూ" అని పిలిచింది. గాజు కుప్పెలు కడిగేదాన్ని మా పక్క ఎవురూ గారు అనరు. స్టోరాయన రోజంతా "పిన్నిగారూ, టీ తాగుతారాండీ" అని ఎగతాళి చేసి నా చేత తిట్లు తిన్నాడు.

ఆ పాప పనే బంగారు పని. స్టోరులో బీరువాకు తాళమేసి పెట్టిన ఒక చిన్న సీసాలో పచ్చటి ఉప్పు మాదిరి ఉండేది.

"అక్కా, అట్ల మిటకరించి చూడాకు. దీంట్లో ఉండే బంగారం నీ ముక్కుపుడకకు గూడా చాలదు" అన్నాడు స్టోరాయన.

పాప దాన్ని నీళ్ళలో కలిపి కాంచింది. ఇంకొకటేదో పోసింది. చూస్తాండంగానే నీళ్ళు నల్లబడి, మళ్ళీ దానిమ్మ రసం మాదిరి ఎర్రగా తిరిగినాయి. నేను నోరు తెరిచినదాన్ని మూయలేదు.

"పచ్చగా ఉండల్ల గదా పాపా బంగారం? ఎర్రగా ఎట్లయింది?"

"కంటికి కనబడనంత చిన్న నలుసులైపోతే దాని రంగే మారిపోతుంది పిన్నిగారూ. నలుసులు విడివిడిగా ఉంటే ఎరుపు. గుంపు కడితే నీలం. వీటికి ఒక పూత వేస్తాను, అది చెడ్డ పురుగును పట్టుకుంటుంది. నీళ్ళలో పురుగుంటే నలుసులన్నీ దాని చుట్టూ చేరి గుంపు కడతాయి."

"అంటే నీలమైతే తాగగూడదు. ఎర్రగానే ఉంటే తాగొచ్చు."

"అంతే!" అని పాప చప్పట్లు కొట్టింది.

పాత పద్ధతిలో అయితే నీళ్ళ చుక్కను గాజు పళ్ళెంలో పోసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, పురుగు పెరిగి చుక్కలు చుక్కలుగా కనపడే దాకా మర్నాటి వరకూ కాచుకోవల్ల. ఇదైతే టీ తాగినంత సేపే. ల్యాబులో పాప పురుగు కలిపిన నీళ్ళలో ఈ ఎర్రనీళ్ళు పోస్తే ప్రతిసారీ నీలమే. పురుగు లేనిదాంట్లో ఎరుపే. నేనే దగ్గరుండి చూసినా. స్టోరాయన గూడా ఎగతాళి మానుకున్నాడు.

"ఇంగ పల్లెల నీళ్ళు తెచ్చి చూడు. ఎవరికీ ఏమీ చెప్పొద్దు, నీళ్ళు తేవడమే" అని సారు చెప్పినాడు.

ఏ పల్లెకు పోదామని పాప అడిగితే నా పుట్టినూరు చెప్పినా. గుమ్మఘట్ట పక్క, కన్నడమూ తెలుగూ కలగలిపి మాట్లాడే పల్లె. అక్కడ మా అక్క ఉండె. ఊరి నడిమధ్యన చేత్తో కొట్టే బోరింగు ఒకటి. దాని నీళ్ళు ఉప్పగా, నోట్లో పోసుకుంటే మొగం వంకర పోయేటట్లుండేవి. ఊరి బయట దిగుడు బాయి ఉండాది. మా నాయన కాలంలో అందరూ దాన్నే తాగిరి. బోరింగు వేసినాంక ఆఫీసులోళ్ళు వచ్చి బాయి నీళ్ళు తాగొద్దని చెప్పి పోయినారు, అప్పటినుంచి గొర్రెలకూ బట్టలకూ వాడుకుంటాండిరి. ఆ ఏడు ఎట్లనో వాన పడి బాయి నిండింది. తియ్యటి నీళ్ళు కండ్లెదురుగా పెట్టుకొని ఉప్పునీళ్ళు తాగడమంటే ఎంత కష్టమో కోస్తావాళ్ళకు చెప్పినా తెలియదు.

మేము సీసాల్లో నీళ్ళు పట్టుకుంటాంటే ఊరంతా చేరింది. ప్రెసిడెంటు కూడా వచ్చినాడు.

"ఏమ్మా, సీసాలు పట్టుకొని పోతే మాకేం తెలుస్తాది? మళ్ళా మీరు ఈ పక్క వస్తారా? ఈడనే చూపీ."

పాప సంచిలో ఎర్రనీళ్ళ సీసా ఉండె. "ఇంకా పూర్తిగా తేలలేదండీ" అని నసిగింది.

"చూపీ పాపా" అంటి నేను. "నా పుట్టినూరు గదా." నా ల్యాబు గొప్ప మా వాళ్ళకు కనపడల్లని నాకుండె.

బోరింగు నీళ్ళు ఒక గాజు గొట్టంలో పోసింది. బాయి నీళ్ళు ఇంకొక దాంట్లో. రెండింట్లోనూ ఎర్రనీళ్ళు కలిపింది. బోరింగు నీళ్ళు కండ్ల ముందరే నీలమైపోయినాయి. బాయి నీళ్ళు ఎర్రగా, అట్లే ఉండిపోయినాయి.

ఒక్కసారిగా జనం "అయ్యయ్యో" అన్నారు. మా అక్క ముందుకొచ్చింది. "చూస్తిరా? మా నాయన తాగిన బాయి అది! ఉప్పు ఉప్పు అని మేం మొత్తుకుంటాంటే ఆఫీసులోళ్ళు బోరింగే మంచిదనిరి."

"దుడ్లు తిని వేసిన బోరింగు, ఇంకెట్లుంటాది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"అండీ, ఇది ల్యాబులో మళ్ళీ చూసి చెప్పాలి" అని పాప అంటానే ఉంది. ఎవరు వింటారు? మేం బస్సెక్కి కూచునేసరికే ఊర్లో తప్పెట మోగింది. బోరింగు నీళ్ళు ఎవురూ తాగగూడదహో అని చాటింపు.

"అప్పుడే వేసేస్తున్నారా పిన్నిగారూ?" అని పాప నా చెయ్యి పట్టుకుంది. మొగంలో సంతోషమూ భయమూ రెండూ ఉండె.

"మంచిదే గదా" అంటి.

రాత్రి ఆ సీసాల నీళ్ళనే పాత పద్ధతిలో గూడా పెట్టింటిమి, మర్నాడు పొద్దున వెచ్చటి పెట్టెలోంచి గాజు పళ్ళేలు తీసిన పాప అట్లే నిలబడిపోయింది. బాయి నీళ్ళ పళ్ళెంలో గసగసాలు చల్లినట్టు చుక్కలు. బోరింగు నీళ్ళ పళ్ళెం తుడిచిపెట్టినట్టుండాది.

"తిరగబడింది" అనింది. "పిన్నిగారూ, సీసాలు తుడిచేటప్పుడు చీటీలేమన్నా ఊడిపోయాయా? మీరు మళ్ళీ అంటించారా?"

నాకు ఒళ్ళంతా మండింది. "నేను సీసా తారుమారు చేసేదాన్నా?"

"అక్కా? ఒక చెంబు మూత ఇంకొక చెంబు మీద పెట్టదమ్మా ఆయమ్మ" అని స్టోరాయన నా పక్క మాట్లాడినాడు. జన్మలో మొదటిసారి.

గట్టిగానే జవాబు చెప్పినా గానీ, ఆ పూటంతా నా చేతుల్నే నేను అనుమానించుకున్నా. చీటీ ఊడిందేమో, నాకు గుర్తులేదేమో. ఎందుకంటే రంగు మారింది మా కండ్ల ముందర. కండ్లతో చూసినదాన్ని ఎట్ల కాదంటాం? సారు కూడా పళ్ళేలు చూసి, "సీసాలే మారింటాయి. జీపు దొరికినాంక పోయి మళ్ళీ నీళ్ళు తీసుకురాండి" అనేసినాడు. జీపు ఇంకేదో పనిమీద ఉండె. ఆ వారం మేం పోలేదు.

మేం పోయేలోపలే మా అక్క కొడుకు ల్యాబు గేటు కాడికి వచ్చినాడు. చొక్కా మాసిపోయి, కండ్లు లోపలికి పోయి ఉండాడు.

"చిన్నమ్మా, అమ్మను పెద్దాసుపత్రిలో చేర్పిస్తిమి. వాంతులు, విరేచనాలు. ఊర్లో సగం మందికి ఇదే. మా పక్కింటి తాత బండెక్కించేలోపలే పోయినాడు."

"బోరింగు నీళ్ళు మానుకోలేదా రా మీరు?"

"చాటింపు అయినాంక ఎవురు ముట్టినారు దాన్ని? అందరం బాయి నీళ్ళే."

నేను తిరిగి చూస్తే పాప నా వెనకనే నిలబడుండాది. అంతా వినింది. నేరుగా లోపలికి పోయింది. డిస్టిల్డు నీళ్ళు గొట్టంలో పోసి, చిటికెడు ఉప్పు వేసి కరిగించింది. పురుగు లేదు, దుమ్ము లేదు, ఉత్త ఉప్పు. ఎర్రనీళ్ళు కలిపింది.

నీలమైపోయినాయి.

ఆ పాప మొగం నేను చచ్చిపోయే దాకా మరిచిపోను. గొట్టం చేతిలో పట్టుకొని నేలమీద కూలబడింది. "ఉప్పు పిన్నిగారూ. ఉప్పుకే గుంపు కట్టేస్తున్నాయి. ల్యాబులో నేను పురుగును ఎక్కువగా కలిపాను, బాయిలోలా కొద్దిగా ఉంటే నా నీళ్ళకు తెలియనే తెలియడం లేదు."

సారు వచ్చినాడు. చూసినాడు. కండ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నెలల తరబడి డిస్టిల్డు నీళ్ళలోనే చూస్తిమి. ఉప్పునీళ్ళు తాగి పెరిగినోన్ని, నాకే తట్టకపాయె" అన్నాడు.

మా ఊరోళ్ళ నాలుక ఏది చెడ్డదనిందో, బంగారు నీళ్ళు కూడా దాన్నే చెడ్డదనినాయి. నాలుకా చూసింది ఉప్పే, బంగారమూ చూసింది ఉప్పే. రెండూ ఒకే మాట చెప్పేసరికి ఇంక సాక్ష్యం ఎందుకని అందరమూ నమ్మేస్తిమి.

ఆసుపత్రిలో అక్కకు మంచం దొరకలేదు. వరండాలో చాప మీద పడుకోబెట్టి, చేతికి బాటిలెక్కిస్తాండారు. ఎండిన చింతకాయ మాదిరి అయిపోయింది మనిషి.

"ఏమ్మే, ఆ పాప మంచివని చెప్పిన నీళ్ళే తాగినానే" అనింది. నిష్ఠూరంగా గూడా కాదు, ఆశ్చర్యంగా. నా పక్కన నిలబడిన పాప తల వంచుకుంది. ఆమే ఈ పాప అని అక్క ఇంకా గుర్తుపట్టలేదు.

అక్క కొడుకు ఇంకొక మాట చెప్పినాడు. ఊర్లో ఏమనుకుంటాండారంటే, ఇన్నేండ్లు తాగిన బోరింగు నీళ్ళ విషం కడుపులో నిలిచిపోయిందంట. బాయి నీళ్ళు ఆ విషాన్ని కడిగి బయటికి తోస్తాండాయంట. అందుకే వాంతులంట. తొందరగా కడుక్కుపోవల్లని పిల్లలకు కూడా పట్టి పట్టి తాగిస్తాండారంట.

"ఈరోజే పోవాలి" అనింది పాప.

సారు వద్దన్నాడు. "ఆరోగ్య శాఖ వాళ్ళకు చెప్పినా, పోతారు. మనిషి పోయిన ఊరు. నిన్ను చూస్తే కొడతారు."

"వాళ్ళు పోయి బాయిలో బ్లీచింగు పౌడరు చల్లి వస్తారు సార్. బోరింగు దగ్గరికి జనాన్ని ఎవరు తీసుకొస్తారు? నీలం చూపించింది నేను."

సారు జీపు యాడనుంచి తెప్పించినాడో తెప్పించి, తానే ముందు సీట్లో కూచున్నాడు. అక్క లేచి కూచోని, తనను కూడా ఇంటికి తీసుకుపోతే గానీ ఊరుకోననింది. డాక్టరును బతిమాలి, నీళ్ళలో కలుపుకొని తాగే పొట్లాలూ మందులూ తీసుకొని ఎక్కించుకున్నాం. దారిలో పాప తానెవరో అక్కకు చెప్పింది. అక్క కిటికీ పక్కకు మొగం తిప్పుకుంది.

బోరింగు కాడ జీపు ఆగింది. జనం చేరినారు గానీ, ఈసారి ఎవురూ నవ్వలేదు. పాప ఒక ఇంట్లో ఉప్పు అడిగింది. డిస్టిల్డు నీళ్ళ సీసా విప్పి, ఉప్పు కలిపి, ఎర్రనీళ్ళు పోసి చూపించింది. నీలం.

"ఇది ఉప్పును చూసి నీలమైంది. పురుగును చూసి కాదు. నేను తప్పు చెప్పాను. బాయి నీళ్ళు తాగకండి" అనింది.

ప్రెసిడెంటు లేచినాడు. "ఏమమ్మా, ఆటలాడతాండావా? మొన్న నీలమైతే విషమంటివి. ఈ రోజు నీలమైతే ఉప్పంటావు. రేపు ఇంకేమంటావు?"

"నా మాట నమ్మొద్దండీ. ఇవి చూడండి." మూతలకు టేపు అంటించి ల్యాబునుంచి తెచ్చిన ఆ రెండు గాజు పళ్ళేలు చేతికిచ్చింది. బాయి నీళ్ళది చుక్కలమయం, బోరింగు నీళ్ళది శుభ్రం. చేతులు మారినాయి. చుక్కల పళ్ళెం చూసిన ఒకామె దాన్ని పామును పట్టుకున్నట్టు పక్కామె చేతిలో పెట్టింది. కానీ ఎవరూ కదల్లేదు. మొన్న ఒక గాజు సామాను చూసి నమ్మినారు, ఇప్పుడు ఇంకొక గాజు సామాను చూసి ఎట్ల నమ్ముతారు?

చాటింపు వేసేటాయన తప్పెట చంకలో పెట్టుకొని అడిగినాడు. "నన్నేం చేయమంటారన్నా? ఏమని వేయల్ల?"

"తప్పైపోయిందని వేయండి" అనింది పాప.

"యారి తప్పు అనల్ల?"

"నాది."

పోయిన తాత కొడుకు గుంపులోనే ఉండాడు. గుండు చేపించుకొని, మెడలో తువ్వాలేసుకొని. పాప దిక్కే చూస్తాండాడు. తిట్టినా బాగుండేది.

అప్పుడు మా అక్క గోడ పట్టుకొని ఇంట్లోకి పోయింది. బాయి నీళ్ళు నింపిన బిందె ఎత్తలేక ఈడ్చుకుంటా వాకిట్లోకి తెచ్చింది. నేను సాయానికి పోతే చెయ్యి విదిలించింది. అందరూ చూస్తాండంగా బిందెను కాలితో తోసింది.

మా పక్క నీళ్ళు పారబోయడం మీరు చూసిండరు. చెయ్యి కడిగిన నీళ్ళు కూడా మొక్కకు పోసే ఊరు. మట్టిలో తియ్యనీళ్ళు పారతాంటే ఆడోళ్ళందరూ ఒక్కసారిగా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకూ వంగి పట్టుకుందామన్నంత పనయింది. అక్క ఇంకొక బిందె తెచ్చింది. అదీ తోసింది. ఆ తర్వాత పక్కింటామె తన కడవ తెచ్చింది. ఎదురింట్లోంచి ఇంకొకటి. పోయిన తాత కోడలు ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ మోసుకొచ్చి గడప బయట కుమ్మరించింది.

వీధంతా బురద. అక్క ఖాళీ బిందె తెచ్చి బోరింగు కింద ఠక్కున పెట్టింది.

"నిలబడి చూస్తాండావేం పాపా? కొట్టు."

పాప చున్నీ నడుముకు కట్టుకొని బోరింగు కొట్టింది. ఆమెకు అలవాటు లేదు, ఒళ్ళంతా ఎగిరిపడతాంది. ఒక బిందె నిండింది. వెనక ఇంకొకటి పెట్టినారు. సారు కండ్లద్దాలు జేబులో పెట్టుకొని, "జరుగమ్మా, నేను కొడతా" అంటే, "ఆయప్ప వద్దు, ఆ పాపే కొట్టల్ల" అనింది మా అక్క. పొద్దు వాలే దాకా ఊరి బిందెలన్నిటికీ ఆ పాపే కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కినాయి. ఎవురూ చాలమ్మా అని అనలేదు, నేను కూడా. అనబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఊర్లో రోగం తగ్గుముఖం పట్టింది. పాప తన పని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ప్రతి పరీక్షకూ ముందు మా జిల్లా బోరింగుల నీళ్ళే పోసేది. ఆ ఎర్రనీళ్ళు ఉప్పును పట్టించుకోకుండా పురుగును మాత్రమే పట్టుకునే దాకా తీసుకురావడానికి ఏండ్లు పట్టింది. అంతవరకూ ఇంకొక ఊర్లో ఒక చుక్క గూడా చూపించలేదు. ఇప్పుడు మీరు చేసే పరీక్షలకు వెనక ఇట్లాంటి ఊర్లు ఉంటాయని తెలుసుకోండి, చాలు.

ఆ పొద్దు బోరింగు కాడ పని ముగిసినాంక మా అక్క మమ్మల్ని తినకుండా పంపలేదు. నీరసంగా ఉన్నా తనే పొయ్యి కాడ కూచుంది. బోరింగు నీళ్ళలో కందిపప్పు ఎంత సేపు కాగినా ఉడకదు, పలుకులు పలుకులుగా మిగిలిపోతాది. రాగి సంకటి మీద ఆ పప్పే వేసి పాప ముందర పెట్టింది. బొబ్బల చేత్తో పాప ముద్ద కలుపుకుంది. నోట్లో పలుకులు కరకరమంటాంటే మాకందరికీ వినపడింది.

"ఉడకలేదు గదా?" అనింది అక్క.

"ఉడకలేదమ్మా."

"తిను. ఉడకని పప్పు తిని ఎవురూ చావరు."

అని, ఇంకొక గరిటె వేసింది.